నేల మీద పెట్టి లాగండి

మా వదిన దుకాణంలో రంపం అద్దెకు తీసుకోవడం తేలిక, బాగుచేయించుకోవడం ఇంకా తేలిక. దాన్ని పట్టుకుని గుమ్మం దాటడమే కష్టం. గుమ్మం పక్కన నేల మీద పసుపు పెయింటుతో గీసిన గడి ఒకటుంది. చెట్లు కొట్టే పెట్రోలు రంపం ఎవరిదైనా సరే, దాన్ని ఆ గడిలో పెట్టి, వాళ్ల చేత్తోనే స్టార్ట్ చేసి చూపించాలి. అప్పటిదాకా ఆ రంపం ఆవిడదే. తీసుకెళ్లేవాడు కాంట్రాక్టరైనా కూలీ అయినా, పోలీసైనా ఒకటే లెక్క.

నేను ఆవిడకి ఆడపడుచుని. అదే దుకాణంలో కిటికీ పక్కన నా కుట్టుమిషన్ ఉంటుంది. రంపాలకు గుడ్డ తొడుగులు కుడతాను, చెట్లు కొట్టేవాళ్ల ప్యాంట్లకు మాసికలు వేస్తాను. "మా ఆడపడుచు చెప్పేది సగానికి సగం తగ్గించుకుని వినండి" అంటుంది వదిన వచ్చినవాళ్లందరితో. ఈ సంగతి మాత్రం తగ్గించకుండా వినండి. ఇందులో నా తప్పు కూడా కొంత ఉంది కాబట్టి నేను పెంచి చెప్పే అవకాశం తక్కువ.

గడి దగ్గర తంతు ఇలా నడుస్తుంది. పెట్రోలు వెనక పెరట్లో పోసుకుని రావాలి. పోసిన చోట స్టార్ట్ చేసే తాడు లాగకూడదు, ఒలికిన చుక్క ఎక్కడుందో ఎవరికి తెలుసు. కాలికి బూటు ఉండాలి. చైను తిరిగే పొడుగు బార్ దేనికీ తగలకుండా రంపాన్ని నేల మీద పెట్టాలి. ముందున్న బ్రేకును టక్కుమనే దాకా ముందుకు తోయాలి. కుడి బూటు మునివేళ్లు వెనక పిడిలోకి దూర్చి తొక్కిపట్టాలి, ఎడమ చెయ్యి ముందు పిడి మీద, మోచెయ్యి నిటారుగా. కుడి చేత్తో తాడును మెల్లగా లాగుతూ, ఎక్కడ పట్టిందో చూసుకుని, అక్కణ్ణించి ఒక్క లాగు. చల్లటి ఇంజనైతే చోక్ వేసి, అది ఒకసారి దగ్గగానే చోక్ తీసేయాలి. వదిన రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి వాళ్ల మొహం వైపు చూడదు, కాలి వైపు చూస్తుంది.

"అక్కా, డ్రైవింగ్ లైసెన్సుకి కూడా ఇంత చూడలేదు" అంటారు కుర్రాళ్లు.

"అందుకే రోడ్లు అలా ఉన్నాయి. నేల మీద పెట్టి లాగండి" అంటుంది.

ఆవిడకి ఆ పట్టుదల ఊరికే రాలేదు. వాళ్ల నాన్న చిన్న ఇంజన్ల మెకానిక్కు. నీళ్ల పంపులు, గడ్డి కోసే మిషన్లు, మందు కొట్టే డబ్బాలు బాగుచేసేవాడు. ఈవిడ ఏడేళ్లప్పటి నుంచే ఆయనకు పానాలు అందిస్తూ పెరిగింది. అక్షరాలకంటే ముందు పానాల నంబర్లు నేర్చుకున్నానని చెప్పుకుంటుంది. ఫోన్లో ఇంజన్ చప్పుడు వినిపిస్తే జబ్బేమిటో చెప్పేస్తుంది. నేను చూస్తుండగా ఒకసారి, ఫోన్లో అవతల మనిషి దగ్గుతుంటే, "మీ గొంతు కాదండీ, మిషన్‌కి ఫిల్టరు మూసుకుపోయింది, దాని చప్పుడు వినాలి, కొంచెం మీరు తప్పుకోండి" అంది.

ఆ నాన్నగారికి ఒక అలవాటు ఉండేది. రంపం బాగయిందని చూపించడానికి, దాన్ని ఒక చేత్తో గాల్లో పట్టుకుని కిందికి విసురుతూ, ఇంకో చేత్తో తాడును పైకి లాగేవాడు. ఒక్క విసురుకు స్టార్టయితే పని బాగా చేసినట్టు. గాలి లాగుడు అంటారు దాన్ని. చూడ్డానికి ఎంతో దర్జాగా ఉంటుంది, ఉన్నమాట చెబితే కొరివితో తల గోక్కోవడమే. బ్రేకు వేసి ఉండదు, రంపానికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు, ఇంజన్ అందుకోగానే చైను తిరుగుతుంది, బార్ ఎటు ఊగితే అటు. ఒకరోజు అది ఆయన ఎడమ తొడ వైపు ఊగింది. వదినకు అప్పుడు పదిహేడేళ్లు. తన చున్నీతో కాలు బిగించి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆయన బతికాడు, కానీ ఆ కాలు మళ్లీ ఆయన మాట వినలేదు. దుకాణం ఆమె చేతికొచ్చింది.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు ఎవరంటే, చెట్లు కొట్టే మా అన్నయ్య. మొదటిసారి రంపం బాగుచేయించుకోవడానికి వెళ్లి, కౌంటర్లో ఆడపిల్ల ఉందని చూసి, దర్జాగా గాల్లో లాగబోయాడట. ఆమె రంపాన్ని అతని చేతిలోంచి తీసుకుని కింద పెట్టి, "ఇది బొంగరం కాదండీ" అందట. ఆ ఒక్క మాటకు పడిపోయాడు. ఆ తర్వాత పాతికేళ్లు అన్నయ్య రంపాన్ని నేల మీద తప్ప ఇంకెక్కడా లాగలేదు. తోటివాళ్లు వేళాకోళం చేసినా, "మా ఇంట్లో అదే చట్టం" అనేవాడు. మిషన్ల విషయంలో ఆవిడ మాటే ఆయనకు చివరి మాట.

రెండేళ్ల కిందట అన్నయ్య ప్యాంటు ఒకటి నా దగ్గరికి మాసికకు వచ్చింది. ఎడమ తొడ మీద మూడు చిన్న చిరుగులు, ఒకే గీతలో, సమాన దూరంలో. ముళ్లకంచె గీరుకుందన్నాడు. సరే అనుకున్నాను. ఆరు నెలలకు ఇంకో ప్యాంటు, అదే చోటు. ఈసారి కొమ్మ గుచ్చుకుందన్నాడు. నేను ముప్పై ఏళ్లుగా గుడ్డ చూస్తున్నదాన్ని. ముల్లు గుడ్డను లాగుతుంది, కొమ్మ చింపుతుంది. ఇది రెండూ కాదు, ఏదో గుడ్డను కొరికి తిన్నట్టుంది, అంచుల్లో చైనుకు వేసే ఆయిలు మరక. అయినా నోరు మూసుకున్నాను. ఆడపడుచు నోరు తెరిస్తే చాడీ అంటారు కదా. మూడోసారి వచ్చిన ప్యాంటుకు లోపలివైపు ఎండిన నెత్తురు కూడా అంటుకుని ఉంది. ఇక ఆగలేక ఆ ప్యాంటు తీసుకెళ్లి వదిన బల్ల మీద పరిచాను.

వదిన ఆ చిరుగుల్లో వేలు పెట్టి కొలిచింది.  సాయంత్రం అన్నయ్య రాగానే ప్యాంటు చూపించి అడిగింది.

"గాల్లో లాగుతున్నారా?"

అన్నయ్య కాసేపు నీళ్లు నమిలాడు. "పని తొందరగా అవ్వాలి కదే. ప్రతిసారీ కింద పెట్టి, వంగి, లేచి... ఆలస్యమైపోతోంది."

"పాతికేళ్లు లేని తొందర ఇప్పుడెందుకొచ్చింది?"

ఆయన ప్యాంటు మడిచి పక్కన పెట్టాడు. ఇకమీదట నేల మీదే లాగుతానని మాటిచ్చాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే తొడ మీద అవే పళ్ల గుర్తులు. వదినకు నిద్రపట్టడం మానేసింది. ఇద్దరమూ కూర్చుని ఆలోచించి ఒక తీర్మానానికి వచ్చాం: కొత్తగా చేరిన కుర్రాళ్ల ముందు షోకు చేస్తున్నాడు, వయసు మీదపడేకొద్దీ కొందరికి కుర్రతనం పుట్టుకొస్తుంది. అంత తెలివిగా తేల్చేశాం. ఆయన్ని ఇంకేమీ అడగలేదు.

అడగడానికి బదులు వదిన తనకు తెలిసిన విద్య వాడింది. పెద్ద రంపాలకు పైన చిన్న బటన్ ఉంటుంది. తాడు లాగే ముందు దాన్ని నొక్కితే లోపల బిగిసిన గాలి కొంత బయటికి పోయి తాడు మెత్తగా వస్తుంది. ఆ బటన్ పనిచేయకపోతే తాడు మొండికేస్తుంది, ఒంటిచేత్తో గాల్లో పట్టుకుని లాగడం ఎంత బలవంతుడికైనా కష్టం. రంపం నేల మీద ఉండి, పైన కాలి బరువు పడితేనే తాడు కదులుతుంది. అన్నయ్య రంపం సర్వీసుకు వచ్చినప్పుడు వదిన ఆ బటన్ లోపలి భాగం తీసేసి, కన్నం బిగించేసి, పైన మాత్రం చూడ్డానికి అలాగే ఉంచింది.

"ఇంజన్లో కొత్త రింగులు వేశానండీ. కొన్నాళ్లు తాడు గట్టిగా ఉంటుంది. కింద పెట్టి కాలితో తొక్కితే తప్ప రాదు" అని చెప్పింది ఆయనతో. ఆయన తలూపి, తొందరంటూ గడిలో పెట్టకుండానే తీసుకెళ్లాడు. ఇంటి మనిషే కదా అని కొన్నాళ్లుగా ఆవిడ ఆయన్ని గడి దగ్గర ఆపడం లేదు.

పెళ్లయిన తర్వాత మొగుడికి మిషన్ గురించి ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం అది. చెప్పొచ్చి నా పక్కన కూర్చుని, "ఇక ఎలా ఎగరేస్తారో చూస్తా" అంది. నేను కూడా సంబరపడ్డాను. ఆ సంబరం నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మూడు వారాలు గడిచాయి. ఎడమ తొడ మీద కొత్త చిరుగు లేదు. తర్వాత ఒక సోమవారం పొద్దున అన్నయ్య ఒక ప్యాంటు నా బల్ల మీద పడేసి పనికి వెళ్లిపోయాడు. విప్పి చూశాను. ఈసారి కుడి కాలు, మోకాలికి జానెడు కిందుగా, బయటివైపు. నిలువుగా కాదు, ఏటవాలుగా పొడుగ్గా చీరుకుపోయింది. వదినను పిలిచాను.

ఆవిడ దాన్ని తన కాలికి ఆనించి చూసుకుంది. చేతిలో రంపం ఉన్నట్టు పట్టుకుని దుకాణంలో అటూ ఇటూ నాలుగడుగులు నడిచింది. ఆగిపోయింది.

"ఇది లాగుతుంటే తగిలింది కాదు. నడుస్తుంటే తగిలింది" అంది.

"రంపం తిరుగుతుండగా ఎవరైనా నడుస్తారా?"

"నడవకూడదు. రెండడుగులు దాటితే ఆపేయాలి, లేదా బ్రేకు వెయ్యాలి. ఆయనకు తెలుసు. పద, స్కూటర్ తియ్యి."

పదకొండు గంటలకు, వారం మొదటి రోజున, ఇద్దరు ఖాతాదారులు వాకిట్లో ఉండగా వదిన షట్టరు దించింది. అలాంటిది నేను అంతకు ముందు చూడలేదు.

అన్నయ్యవాళ్లు ఆ వారం మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ ఆవరణలో పనిచేస్తున్నారు. గాలివానకు పడిపోయిన చెట్లు వరసగా పది పన్నెండు ఉన్నాయి, వాటిని దుంగలుగా కోసి లారీకెత్తాలి. ఆయన కింద ముగ్గురు: లారీ డ్రైవరు, బక్కోడు, చెవులకు పెట్టుకునే తొడుగు ఎప్పుడూ మెడలోనే వేలాడేసుకుని తిరుగుతాడని చెవులోడని పిలిచే ఇంకొకడు. మేము వెళ్లి లారీ వెనక నిలబడ్డాం. రంపం చప్పుడులో మా స్కూటర్ చప్పుడు ఎవరికీ వినబడలేదు.

అన్నయ్య ఒక మాను కోయడం పూర్తిచేశాడు. రంపం ఆపలేదు. అది చేతిలో గురగురమంటుండగానే, కింద పడున్న కొమ్మలు దాటుకుంటూ ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఇంకో మాను దగ్గరికి నడిచాడు. బ్రేకు వేయలేదు. ఒక కొమ్మ దాటబోయి తూలాడు, వేలు వేగం పెంచే మీట మీద పడి చైను ఒక్కసారి ఝుమ్మని తిరిగింది. ఆ చైనుకూ ఆయన కాలికీ మధ్య బెత్తెడు కూడా లేదు. వదిన నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. నేను వదిలించుకోలేదు.

"నేనే చేశాను" అంది వదిన. "స్టార్ట్ చేయడం కష్టమైపోయింది కాబట్టి ఆపడమే మానేశారు. పెనం మీంచి తీసి పొయ్యిలో పడేశాను."

ఆ మాను సగంలో ఉండగా పెట్రోలు అయిపోయి రంపం దానంతటదే ఆగింది. టీ తెస్తామని ముగ్గురూ గేటు వైపు వెళ్లారు. అన్నయ్య వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు. డబ్బాలోంచి పెట్రోలు పోశాడు, మూత బిగించాడు, ఒలికింది తుడిచాడు, రంపం పట్టుకుని పదడుగులు అవతలున్న ఇంకో మాను దగ్గరికి వెళ్లాడు. వదిన చెప్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాడు. ఎవరైనా చూస్తున్నారా అని మళ్లీ చుట్టూ చూశాడు.

అప్పుడు కిందికి వంగడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి మాను మీద వేశాడు. ఎడమ కాలు కర్రలా పక్కకు చాపాడు. కుడి మోకాలు కొంచెం వంచి ఆగాడు, పళ్లు బిగించాడు, ఇంకొంచెం వంచాడు. బూటు పిడిలో దూర్చడానికి మూడుసార్లు పట్టింది. తాడు లాగాడు. రాలేదు. ఆరోసారికి ఇంజన్ అందుకుంది. బ్రేకు వేసి ఉన్న రంపాన్ని అలాగే నేల మీద వదిలి, రెండు చేతులతో మానును పట్టుకుని, నుదురు దానికి ఆనించి కాసేపు ఉండిపోయాడు. ఆ తర్వాతే రంపం తీసుకుని లేవగలిగాడు.

నాకు అప్పుడు వెలిగింది. చెట్లు కొట్టేవాళ్ల ప్యాంట్లన్నీ ముందు చిరిగేది మోకాళ్ల దగ్గరే. ఈ రెండేళ్లలో అన్నయ్య ప్యాంటుకు మోకాలి దగ్గర ఒక్క మాసిక కూడా నేను వేయలేదు. గుడ్డ చదవడం నాకొచ్చని గొప్పలు పోయేదాన్ని, చిరిగిన చోటే చదివాను గాని చిరగని చోటు చదవలేదు.

వదిన లారీ చాటునుంచి బయటికి నడిచింది. ఎదురుగా, ఆయనకు కనబడేలా, దూరంగా నిలబడి చెయ్యి ఊపింది. రంపం నడుస్తుంటే వెనకనుంచి వెళ్లకూడదని ఆ స్థితిలో కూడా ఆవిడకి గుర్తుంది. అన్నయ్య ఉలిక్కిపడి స్విచ్చి ఆపేశాడు. అంత పెద్ద ఆవరణా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఎన్నాళ్లయింది?" అంది వదిన.

"ఏంటి?"

"మోకాళ్లు."

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత మెల్లగా ఆ మాను మీదే కూర్చున్నాడు. "రెండేళ్లు దాటింది. రెండూ పోయాయి. ఎడమది మరీను. కింద కూర్చుంటే పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే లేవలేను. ఇంట్లో కుర్చీ దిగను కాబట్టి నీకు తెలియలేదు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే రంపం ఇస్తావా?"

 అన్నయ్యే మళ్లీ అన్నాడు. "పక్క వీధిలో ముసలాయన, గుర్తుందా? ముప్పై ఏళ్ల పనివాడు. గడిలో పెట్టి వంగలేకపోయాడు. 'వంగలేనివాళ్లకి నేనివ్వను బాబాయ్' అని చేతిలోంచి తీసేసుకున్నావు. ఆయన వట్టి చేతులతో వెళ్లిపోయాడు. నేను గుమ్మంలో ఉన్నాను, నా రంపం పట్టుకుని. అప్పటికే నాకు నొప్పులు మొదలయ్యాయి. ఆరోజు నా రంపం గడిలో పెట్టకుండానే, మళ్లీ వస్తానని చెప్పి పోయాను. నువ్వు గమనించలేదు."

నేనైతే ఆ సమయంలో ఏదో ఒక తీపిమాట చెప్పేదాన్ని. వదిన చెప్పలేదు. ఆవిడకి చేతకాదు. బాగా ఆలోచించుకుని, "ఇచ్చేదాన్ని కాదు. నిజమే" అంది.  తర్వాత తన వంతు చెప్పింది.

"అందులో కొత్త రింగులు లేవండీ. బటన్ నేనే మూసేశాను. మీరు గాల్లో లాగకూడదని."

అన్నయ్య రంపం వైపు చూశాడు. ఆ బటన్ మీద బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కాడు. కోపం వస్తే బాగుండేది, కోపం రాలేదు. "మిషన్ గురించి నువ్వు చెప్పింది మళ్లీ ఒకసారి చూసుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదే" అన్నాడు. "నా చేతుల్లో బలం తగ్గిపోయిందనుకున్నాను. మోకాళ్లు అయిపోయాయి, ఇప్పుడు చేతులు కూడా అనుకున్నాను. ఈ మూడు వారాలూ."

వదిన ఏడ్చింది. నేను ఆవిణ్ణి ఏడుస్తుండగా చూడటం అదే మొదటిసారి. చప్పుడు లేకుండా, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చింది. నేను లారీ టైర్లు లెక్కపెడుతూ నిలబడ్డాను. కాసేపటికి నాకే ఒళ్లు మండింది.

"ఒకరు మోకాళ్లు దాచారు, ఇంకొకరు బటన్ దాచారు. దొందూ దొందే. మధ్యలో కాలు పోతే నేనేం కుట్టాలి? ముందు ఆ దిక్కుమాలిన రంపాన్ని ఎలా స్టార్ట్ చెయ్యాలో తేల్చండి."

"తేల్చేదేముంది?" అన్నాడు అన్నయ్య. "నేల మీద నా వల్ల కాదు. గాల్లో అయితే ఈవిడ ఒప్పుకోదు. ఇంతటితో నా పని సరి."

"ఇంకోటుంది" అంది వదిన.

మేమిద్దరం ఆవిడ వైపు చూశాం. ఆవిడ మా వైపు చూడలేదు. రంపంతో వచ్చే పుస్తకంలో స్టార్ట్ చేసే పద్ధతికి రెండు బొమ్మలుంటాయట. ఒకటి నేల మీద. రెండోది నిలబడి, వెనక పిడిని రెండు తొడల మధ్య బిగించి. దుకాణం గోడ మీదున్న పటంలో కూడా ఆ రెండో బొమ్మ ఉందట, దాని మీద ఈవిడ విడిభాగాల జాబితా అంటించేసింది. ఎందుకంటే ఆవిడ పొట్టి. దుకాణం చేతికొచ్చిన కొత్తలో ఒకసారి ప్రయత్నిస్తే పిడి జారింది. నాన్నగారి కాలు అప్పటికి ఇంకా మానలేదు. ఆ పూటే ఆ బొమ్మను లోకంలోంచి తీసేసింది.

"నాకు కుదరనిది ఎవరికీ కుదరదనుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు" అంది. "మీరు పొడుగు. ఆ బాబాయ్ కూడా పొడుగే."

బటన్ లోపలి భాగం ఆవిడ పర్సులోనే ఉంది. చిన్న గుడ్డముక్కలో చుట్టి మూడు వారాలుగా మోసుకు తిరుగుతోంది. ఇంజన్ చల్లారేదాకా ఆగి, అన్నయ్య పానాల సంచి తీసుకుని, ఆ మాను మీద ఆయన పక్కనే కూర్చుని బిగించింది. పావుగంట పట్టింది.  మధ్యలో ఆవిడ చెయ్యి చాపితే, అడక్కుండానే ఆయన సరైన నంబరు పానా అందులో పెట్టాడు.

"లేవండి. బ్రేకు ముందుకు తొయ్యండి. ఆ... టక్కుమందా? వెనక పిడి తొడల మధ్య, మోకాళ్లకి కొంచెం పైన. బిగించండి. ఇంకా. బార్ మీ కాళ్లకి దూరంగా ముందుకి ఉండాలి. ఎడమ చెయ్యి ముందు పిడి మీద, మోచెయ్యి వంచద్దు. అమ్మాయ్, నువ్వు ఇంకా వెనక్కి జరుగు. ఇంకా."

"మొదటిసారి సైకిలెక్కినట్టుంది" అన్నాడు అన్నయ్య.

"పడరు. బటన్ నొక్కండి. మెల్లగా లాగుతూ పట్టు చూసుకోండి. పట్టిందా? ఇప్పుడు."

మొదటి లాగుకు పిడి కొంచెం జారింది. ఆయన ఆగి, కాళ్లు సర్దుకుని, మళ్లీ బిగించాడు. రెండో లాగుకు ఇంజన్ అందుకుంది. రంపం కదల్లేదు, చైను కదల్లేదు. అన్నయ్య నవ్వాడు. వదిన మాత్రం ఆయన మొహం చూడలేదు, ఆ చైను కదలకుండా ఉందా లేదా అని చాలాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత ఆపించి, మళ్లీ లాగించింది. అలా అయిదుసార్లు.

టీ ఫ్లాస్కుతో తిరిగొచ్చిన ముగ్గురూ దూరంనుంచే ఇదంతా చూశారు. "మేస్త్రీ, ఇదేం కొత్త పద్ధతి?" అన్నాడు బక్కోడు.

"కొత్తదేం కాదురా. మా ఆవిడ దగ్గర ముప్పై ఏళ్లుగా ఉంది. ఇవాళే బయటికి తీసింది."

ఆ టీ తాగేటప్పుడు కూడా ఆయన లారీకి ఆనుకునే నిలబడ్డాడు. ఎప్పుడూ అంతేనట. మేస్త్రీ కదా, మనతో కింద కూర్చోడు అని వాళ్లు సరిపెట్టుకున్నారు. మధ్యాహ్నమంతా మేము అక్కడే ఉన్నాం. ఆయన ఒక మాను కోయడం, రంపం ఆపడం, నడవడం, ఇంకో మాను దగ్గర నిలబడి స్టార్ట్ చేయడం. చప్పుడు ఆగిన ప్రతిసారీ వదిన ఊపిరి వదలడం నాకు వినబడేది. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కూడా ఆ మధ్యలోనే ఆవిడ తేల్చేసింది, ఆయన్ని అడక్కుండా.

నాలుగు గంటలకు మళ్లీ టీ. ముగ్గురూ రంపప్పొట్టు మీద చతికిలపడ్డారు. వదినా నేనూ కూడా వాళ్ల ఎదురుగా కూర్చున్నాం. అన్నయ్య లారీ దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగి వచ్చి, వదిన భుజం పట్టుకుని, మెల్లగా మా పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎడమ కాలు చాపుకున్నాడు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డ్రైవరు ఏదో కబురు చెప్పాడు, అందరం నవ్వాం. గ్లాసులు ఖాళీ అయ్యాయి.

"ఇంకా రెండు మానులున్నాయి మేస్త్రీ, కానిద్దామా?" అంటూ డ్రైవరు లేచాడు. మిగతా ఇద్దరూ లేచారు. మేమూ లేచాం. అన్నయ్య లేవలేదు. దగ్గర్లో పట్టుకోడానికి మాను లేదు, లారీ దూరంగా ఉంది. ముగ్గురూ ఆయన కోసం ఆగి చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మాటలు వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఫోన్ చేసుకుని వస్తాననో, మీరు పదండనో ఏదో ఒకటి అంటాడనుకున్నాను.

"లేవలేనే. చెయ్యివ్వు" అన్నాడు వదినతో, అందరికీ వినబడేలా.

వదిన రెండు చేతులూ ఇచ్చింది. ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి సగం లేచి మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. చెవులోడు వెనకనుంచి వచ్చి నడుం దగ్గర ఆసరా పట్టాడు. నిలబడ్డాక అన్నయ్య ప్యాంటుకంటిన పొట్టు దులుపుకుని రంపం కోసం చూశాడు. అది నేల మీద ఉంది. వదిన వంగి దాన్ని తీసి, బ్రేకు వేసి ఉందో లేదో చూసి, ఆయన చేతికిచ్చింది.